దీర్ఘం లేని పేరు

డండీలో, హిల్‌టౌన్ ఎగుడు వీధిలో
నా కొట్టుకి బోర్డు లేదు.
కిటికీ గాజు మీద తెల్లరంగుతో
జిప్పులు, అంచులు, లైనింగులు అని
నేనే రాసుకున్నాను, చివరికొచ్చేసరికి చోటు చాలక
అక్షరాలు ఒకదాన్నొకటి తోసుకున్నాయి.
పద్దెనిమిదేళ్ళు ఆ మాత్రం సరిపోయింది.
ఇప్పుడు సరిపోదట.
ఫోన్లో కనబడని కొట్టు లేని కొట్టేనని
మేడమీద అద్దెకుండే ఐల్సా
ల్యాప్‌టాప్ చంకనేసుకుని దిగొచ్చింది.
"ముందు పేరు కొనాలి" అంది.

పేరు కొనడమేమిటి?
మా వైపు పేరంటే పదకొండో నాడు
ఏ మేనత్తో చెవిలో ఊదేది.
మహా అయితే గుప్పెడు శనగలు ఖర్చు.
ఏటేటా కట్టకపోతే
ఇంకొకరు ఎత్తుకుపోతారని
ఎవరూ బెదిరించలేదు.

'సూదీ దారం' అన్నాను.
ఉందట, లెస్టర్‌లో ఎవరికో.
'కుట్టు' అన్నాను.
ఎవడో కొని పెట్టుకుని, ఒక్క గుండీ కుట్టకుండా,
పంతొమ్మిది వందల పౌండ్లకి అమ్ముతున్నాడు.
ఖాళీ జాగా చుట్టూ ముళ్ళకంచె వేసి
ధర పెరిగేదాకా కూచున్న మనిషిని ఎండాడలో చూశాను.
అక్షరాల్లోకి కూడా వచ్చేశాడన్నమాట.
'కత్తెర'కి టీలు ఎన్ని, హెచ్‌లు ఎన్ని
అని ఐల్సా అడిగింది.
నేను వేళ్ళమీద లెక్కవేసేలోగా టీ చల్లారింది.
పైగా పేరు చివర చుక్క ఒకటి,
చుక్క తర్వాత కామా, యూకేనా, స్కాటా అని బేరం.
చుక్కకీ చుక్కకీ ఇంత ధర తేడా ఉంటుందని
ముగ్గులేసే రోజుల్లో తెలీదు.

మధ్యలో పెట్రీ గారు
తడిసిన గొడుగు గుమ్మంలో దులిపి
"టైరూ, నా ప్యాంటు?" అన్నారు.
"గురువారం" అన్నాను.
"ఇవాళ గురువారమే" అని
కోపం లేకుండా కుర్చీ లాక్కున్నారు.

"నీ పేరే పెట్టుకోరాదూ" అంది ఐల్సా.
టి, ఎ, వై, ఎ, ఆర్, యు.
తా మీది దీర్ఘానికి
ఆ మీటల్లో చోటు లేదు.
ఆకుపచ్చ టిక్కు. ఖాళీగా ఉంది.
లోకంలో ఇంకెవరికీ అక్కర్లేదు.
పైకి చదివాను.
తాయారు కాదు.
తయారు.

చిట్టివలసలో గోనెల మిల్లు కూత కూసినా
నా జడ సగంలోనే ఉండేది.
బడి వరసలో ఆఖర్న చేరేసరికి
అందరూ ఒక్క గొంతుతో
"తాయారూ, తయారా?"
ఏడ్చాను. పలక గోడకేసి కొట్టాను.
పేరు మార్చమని అమ్మని పీక్కుతిన్నాను.
జుట్టులోంచి నార దుమ్ము దువ్వుకుంటూ
"పేరుదేం తప్పే, దీర్ఘం మింగేసినోళ్ళది గానీ" అంది.
ఆవిడ మగ్గం ఇనుములో ఇంగ్లీషు అక్షరాలు పోతపోసి ఉండేవి.
రోజూ నూనెగుడ్డతో తుడిచేది.
అది ఒక ఊరి పేరని, ఈ ఊరి పేరని
ఆవిడకి ఎవరూ చదివి చెప్పలేదు.

అర్థం చెప్పాక ఐల్సా నవ్విన నవ్వుకి
గుండీల డబ్బా కింద పడింది.
ఇద్దరం ఏరుకున్నాం.
"ఎన్నేళ్ళకి తీసుకోను?
పదేళ్ళయితే చవక."
కళ్ళద్దాలు తుడుచుకున్నాను.
ఈ మధ్య సూదిలో దారం తనే ఎక్కిస్తోంది.
"రెండు" అన్నాను.
కాసేపయ్యాక, "మూడు చెయ్యి."

కార్డు నంబరు చదివాను.
తెరమీద పేరు వెలిగింది,
తయారు, తయారు అంటూ.
పెట్రీ గారు కుర్చీలోంచి మెడ సాచి చూస్తున్నారు.
బల్లమీద ఆయన ప్యాంటు,
ఒక కాలు కుట్టి,
ఒక కాలు ఇంకా పిన్నులతో.